ఏ మేనస్ పోయాడు?

పోర్ట్‌నేవన్,
ఫిబ్రవరి 3

ఫిడెల్మా వదినకు,

నిన్న ఫోన్ చేస్తే "రేడియో సంగతి ఫోన్లో మాట్లాడకూడదు, ఉత్తరం రాయి" అని టక్కున పెట్టేశావు. సొంత ఆడపడుచుతో మాట్లాడ్డానికి కూడా రూలా? మా అన్నయ్య బతికుంటే పడీపడీ నవ్వేవాడు. సరే తల్లీ, రాస్తున్నాను. డబ్లిన్‌లో ప్రసార నిధి ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చున్నదానివి, నీ మాట కాదనే ధైర్యం నాకెక్కడిది?

మా రేడియోని కొన్న కంపెనీ వాళ్ళు లోర్కన్ అనే మేనేజర్ని పంపారు. తెల్ల బూట్లు వేసుకుని వచ్చాడు, ఈ బురదలోకి. ప్రభుత్వం ఇన్నాళ్ళకి మాలాంటి చిన్న ప్రైవేటు రేడియోలకి కూడా ప్రజల డబ్బు ఇస్తానందిగా, ఆ దరఖాస్తు చేతిలో పట్టుకుని తిరుగుతున్నాడు. జనానికి పనికొచ్చే కార్యక్రమాలు రోజుకెన్ని నిమిషాలో చూపించాలట. పాటలు లెక్కలోకి రావు, ప్రకటనలు రావు. న్యాయమే, నేనూ ఒప్పుకున్నాను. తర్వాత వేలు పెట్టి ఇంకో ముక్క చూపించాడు. "చావు కబుర్లు కూడా రావండీ. వాటికి డబ్బు పుచ్చుకుంటున్నాం కాబట్టి అవీ ప్రకటనలే."

ఇరవై ఆరేళ్ళుగా చదువుతున్నాను వదినా. పొద్దున తొమ్మిదీ పదికి, మధ్యాహ్నం పన్నెండున్నరకి, సాయంత్రం అయిదున్నరకి. నేను గొంతు సవరించుకోగానే పశువుల సంతలో వేలం పాడే హ్యూడీ కర్ర దించేస్తాడు, బరిలో దూడ ఎంత అరుస్తున్నా సరే. మంగలి షాపులో కత్తెర ఆగిపోతుంది. ఎవరు పోయారు, కడచూపుకి ఏ ఇంటికి వెళ్ళాలి, పూజ ఎన్నింటికి, అన్నీ నా నోటి నుంచే వినాలి. లేకపోతే ఈ ఊళ్ళో మనిషి పోయినట్టే కాదు. నేను సబ్బు ప్రకటనతో సమానమా?

ఆ ముక్క రాసిన మనిషెవరో కనుక్కుని చెప్పు. చెవి పిండుతాను.

మీ బాబాయి కొలిమి మేనస్‌కి కాళ్ళు వాచాయి. హన్నా అత్త కూరలో ఉప్పు తగ్గించిందని అలిగి కూర్చున్నాడు. చెల్లెలు వండి పెడుతుంటే ఈ వయసులో అలకలేమిటని కోప్పడి వచ్చాను.

నీ ఆడపడుచు,
అట్రాక్టా


డబ్లిన్,
ఫిబ్రవరి 12

అట్రాక్టాకు,

ఉత్తరం అందింది. ముందు ఒక మాట. మీ స్టేషన్ దరఖాస్తు పెట్టింది. నేను దరఖాస్తులు చూసే అధికారిని. నువ్వు నా భర్త చెల్లెలివని పైవాళ్ళకి రాసిచ్చాను. ఇకమీదట దీని గురించి మనం అనుకునే ప్రతి మాటా కాగితం మీద ఉండాలి, ప్రతి కాగితమూ ఫైల్లో ఉండాలి. నీ ఉత్తరమూ, ఈ జవాబు నకలూ ఫైల్లో పెట్టాను. కాబట్టి కాస్త మర్యాదగా రాయి. చెవులు పిండే సంగతులు వద్దు.

నిబంధన ఎవరు రాశారన్నది అనవసరం. కార్యాలయం రాసింది. ప్రజల డబ్బు ఇచ్చేటప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయాలి. అయితే ఒక వెసులుబాటు ఉంది. కబుర్లు ఉచితంగా చదివితే, పేర్లు ప్రభుత్వ రికార్డులో ఉన్నవి ఉన్నట్టు చదివితే, అది ప్రజాసేవ కిందికే వస్తుంది. మీ మేనేజరుకి ఈ సంగతి చెప్పు. ఈ డబ్బు వస్తే మీ కౌన్సిల్ మీటింగుల్లో కూర్చుని రాసుకునే విలేఖరి ఒకరు వస్తారు. పదేళ్ళుగా అక్కడ ఎవరు ఏం తింటున్నారో చూసే దిక్కు లేదని నువ్వే కదా గోల పెట్టావు?

బాబాయికి ఉప్పు మాన్పించమన్నది నేనే. నన్ను మొదటిసారి కాలేజీ బస్సెక్కించిన రోజు ఆయన కొలిమి ఆర్పేసి మరీ వచ్చాడు. ఇది ఫైలుకి సంబంధం లేని విషయం. అయినా రాస్తున్నాను.

ఫిడెల్మా


పోర్ట్‌నేవన్,
మార్చి 9

ఫిడెల్మా వదినకు,

ముందుగా ఈ ఫైలు చదివే మహానుభావులందరికీ నమస్కారం. తమరు టీ తాగే వేళకి నా ఉత్తరం అందిందని తలుస్తాను.

నీ వెసులుబాటు లోర్కన్ చెవిన వేశాను. నా నోరు పడిపోను! అతగాడు ఎగిరి గంతేశాడు. కబుర్లు ఉచితం చేసేశాడు, బాగానే ఉంది. కానీ ఇక్కడ నేను చదవడం దేనికట? డబ్లిన్‌లో ఒక పిల్ల కూర్చుని ప్రభుత్వ జాబితా ముందు పెట్టుకుని కంపెనీకున్న ఏడు స్టేషన్ల చావులూ ఒకే ఊపులో రికార్డు చేసి పంపుతుంది. నాకేమో పుట్టినరోజు పాటలు ఇచ్చారు. అరవై రెండేళ్ళ దాన్ని, "హ్యాపీ బర్త్‌డే కైలా" అని కిలకిలా నవ్వాలట.

నేను లోర్కన్‌ని అడిగాను. "బాబూ, మా చర్చి పరిధిలో గాలహర్ ఇంటిపేరు ఇళ్ళే నలభై ఉన్నాయి. మేనస్ గాలహర్‌లు అయిదుగురు. మీన్‌బ్రాక్ పల్లెలోనే ఇద్దరు, కొండ మీద కొలిమి మేనస్, రేవు దగ్గర పడవ మేనస్. కొలిమీ పడవా చెప్పకపోతే ఎవరు పోయారని తెలుస్తుంది?"

"అవి మారుపేర్లు కదండీ. ఫారంలో అసలు పేరే ఉండాలని ఉంది."

"వాళ్ళ తాత నాటి నుంచి వస్తున్న పేరు బాబూ. మారుపేరంటే వాళ్ళు వినేలా అనకు."

"రూలు రూలే కదండీ," అన్నాడు. పైగా నావైపు జాలిగా చూశాడు. ఒళ్ళు మండిపోయింది.

ఇదీ ఫైల్లో పెట్టు. మర్యాదగానే రాశాను.

అట్రాక్టా


డబ్లిన్,
మార్చి 20

అట్రాక్టాకు,

ఒక్క ప్రశ్న. మీ యజమానుల దరఖాస్తులో "చావు కబుర్లను పోర్ట్‌నేవన్ స్టూడియో నుంచి స్థానిక సిబ్బందే చదువుతున్నారు" అని ఉంది. నువ్వు రాసింది వేరేగా ఉంది. ఏది నిజం? నీకు స్వయంగా తెలిసినంత మటుకే రాయి.

నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. అడుగుతున్నాను, అంతే.

ఏప్రిల్‌లో మూడు వారాలు ఆఫీసు పని మీద బ్రస్సెల్స్‌లో ఉంటాను. బాబాయిని జాగ్రత్తగా చూడండి.

ఫిడెల్మా


పోర్ట్‌నేవన్,
ఏప్రిల్ 24

వదినా,

నెల దాటినా నీ ప్రశ్నకి జవాబు రాయలేదు. స్టేషన్ సంగతులు బయట చెప్పనని లోర్కన్ నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, ఉన్నమాట చెబుతున్నాను. ఇప్పుడు ఉద్యోగం పోయింది, దాంతోపాటు భయమూ పోయింది. కాబట్టి విను. దరఖాస్తులో రాసింది పచ్చి అబద్ధం. ఫిబ్రవరి ఆఖరు నుంచి ఒక్క చావు కబురు కూడా ఈ ఊళ్ళోంచి ప్రసారం కాలేదు.

ఇక అసలు సంగతి. నువ్వు బ్రస్సెల్స్ నుంచి తిన్నగా చర్చికి వచ్చావు. బాబాయిని సాగనంపడానికి వచ్చిన జనాన్ని చూసి "ఎంతమంది అభిమానం సంపాదించుకున్నాడో" అని ఏడ్చి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయావు. అంతకు రెండ్రోజుల ముందు ఏం జరిగిందో నీకు చెప్పలేదు. శవం ముందు గొడవెందుకని హన్నా అత్త నా చేత ఒట్టు వేయించుకుంది. ఈ ఆదివారం నేనే వెళ్ళి ఆ ఒట్టు విడిపించుకున్నాను.

మంగళవారం పొద్దున ఆయన పోయాడు. పెట్టెల డోనల్ వచ్చి, ఆయన్ని కడిగి, శవపెట్టెలో పడుకోబెట్టి, కబురు రాసి డబ్లిన్‌కి పంపాడు. "కొలిమి మేనస్" అనే రాశాడు పాపం. అక్కడి పిల్ల అది కొట్టేసింది, జాబితాలో లేదని. రేడియోలో వచ్చింది ఇదీ: "మేనస్ గాలహర్, మీన్‌బ్రాక్. కడచూపు ఈ రోజు సాయంత్రం అయిదు నుంచి, స్వగృహంలో." అంతే.

హన్నా అత్త చర్చి హాలు నుంచి రెండు వందల టీ కప్పులు తెప్పించింది. నేను వచ్చేవాళ్ళకి పెట్టే హామ్ మాంసం కోస్తూ కూర్చున్నాను. శవం ఉన్న ఇంట్లో రేడియో పెట్టరు కాబట్టి ఆ కబురు మేం వినలేదు. అయిదైంది. చర్చి ఫాదర్ వచ్చాడు, పక్కింటి మొగుడూ పెళ్ళాలు వచ్చారు. ఆరైంది. ఏడైంది. రోడ్డు మీద కారు చప్పుడు లేదు. కెటిల్ ఎన్నిసార్లు మరిగించామో, ఎన్నిసార్లు దించామో. ఆ కొండ చుట్టూ ఆయన చేతి గేటు లేని ఇల్లు ఒక్కటి లేదు. చివరికి హన్నా అత్త అన్నయ్య చెయ్యి పట్టుకుని, "మేనస్, మనం ఎవరికి ఏం ద్రోహం చేశామయ్యా?" అంది. ఆ మాట నా చెవుల్లోంచి పోవడం లేదు వదినా.

జనమంతా ఎక్కడున్నారో తెలుసా? రేవు దగ్గర, పడవ మేనస్ ఇంటి ముందు! ఇద్దరిలో వయసులో పెద్ద అతనే కాబట్టి పోయింది అతనే అనుకున్నారట. నలభై కార్లు. ఆడవాళ్ళ చేతుల్లో చావింటికి పట్టుకెళ్ళే ఆపిల్ టార్టులు. ఎవరో వాకిట్లోనే జపమాల మొదలెట్టేశారట. తలుపు తీసింది పడవ మేనస్సే, బనీను మీద. ఫుట్‌బాల్ మ్యాచ్ చూసుకుంటున్నాడు. "నేను పోయానా? ముందే చెబితే గడ్డం గీసుకునేవాణ్ణిగా!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. రేడియో వాళ్ళు తప్పు చదివారు, ఎవరూ పోలేదు అనుకుని, టార్టులు అక్కడే వదిలి ఇళ్ళకి పోయారు.

పడవ మేనస్ ఒక్కడికే బుర్ర పనిచేసింది. పోయింది తను కాకపోతే కొండ మీదివాడేమో అనుకున్నాడు. ఎనిమిదింటికి వచ్చాడు, గడ్డం గీసుకుని, నల్ల కోటు వేసుకుని. కారు డిక్కీ తీసి పదకొండు టార్టులు మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. "నా చావుకి వచ్చినవి హన్నా. ఇవి మీ ఇంటివి," అన్నాడు. పెట్టె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదీ పదికి నేను స్టూడియోలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాను. డబ్లిన్ లైను తీసేశాను. "మీన్‌బ్రాక్ కొండ మీది కొలిమి మేనస్ పోయాడు. మీ గేట్లు చేసిన మేనస్. నిన్న ఆయన ఇంటికి ఎవ్వరూ రాలేదు. హన్నా ఎదురుచూస్తోంది," అని చదివాను. లోర్కన్ అద్దాన్ని దబదబా బాదుతూనే ఉన్నాడు. రెండోసారి కూడా చదివాను. తొమ్మిదీ ఇరవైకి నన్ను పొమ్మన్నారు. పదింటికల్లా కొండ దారిలో కార్లు బారులు తీరాయి. నువ్వు చర్చిలో చూసిన జనం వాళ్ళే.

ఆ ముక్క రాసిన మనిషెవరో ఇప్పుడైనా చెప్పు.

అట్రాక్టా


డబ్లిన్,
మే 2

అట్రాక్టా,

నేనే.

"డబ్బు పుచ్చుకుని చదివే కబుర్లు ప్రకటనలే" అన్నదీ నేనే, "పేర్లు ప్రభుత్వ రికార్డు ప్రకారమే" అన్నదీ నేనే. మూడేళ్ళ కిందట, నాలుగో అంతస్తులో, ఒక మధ్యాహ్నం. స్టేషన్లు పేర్లలో తప్పులు చేయకూడదని రాశాను. అప్పుడు నాకు చాలా తెలివైన పని చేసినట్టనిపించింది. కొలిమి ఇంట్లో పెరిగినదాన్ని, "కొలిమి పిల్ల" అని పిలిస్తే తప్ప బడిలో పలికేదాన్ని కాదు. అది నాకు గుర్తే రాలేదు. నువ్వు మొదటి ఉత్తరంలో అడిగినప్పుడు కార్యాలయం వెనక దాక్కున్నాను. సిగ్గుగా ఉంది. అత్త ముఖం ఎలా చూడను?

నీ ఉత్తరం ఫైల్లో పెట్టాను. ఇదీ పెడుతున్నాను. నిన్న మా పై అధికారి పిలిచి, "ఫిడెల్మా, ఇవి ఆడవాళ్ళ కుటుంబ ఉత్తరాలు, ఫైల్లోంచి తీసేయండి, మీకే మంచిది," అన్నాడు. తీయను అన్నాను. దరఖాస్తుదారుతో జరిగిన ప్రతి సంప్రదింపూ ఫైల్లో ఉండాలన్న నిబంధన కూడా నేనే రాశాను. అది మటుకు బాగా రాశాను.

జూన్ 12న కమిటీ కూర్చుంటుంది. వాళ్ళు ఈ ఫైలు మొత్తం చదవాల్సిందే. నన్ను తిట్టాలని ఉంటే రాయి. అదీ పెడతాను.

ఫిడెల్మా


పోర్ట్‌నేవన్,
మే 15

వదినకు,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నీ పేరెత్తలేదు. తిట్లు కావాలన్నావుగా, పుచ్చుకో. చదువుకున్న మొద్దువి. పైగా పిరికిదానివి. అయినవాళ్ళ పేర్లు చెరిపేసి జీతం తీసుకున్నావు. చెవి పిండటం బాకీ ఉంది, కలిసినప్పుడు తీర్చుకుంటాను. ఒప్పుకున్నావు కాబట్టి ఒక చెవే.

హన్నా అత్తకి చెప్పాను. లేచి కెటిల్ పొయ్యి మీద పెట్టింది. తర్వాత, "దానికి కొలిమి వద్దనుకునేంత పెద్ద చదువు చెప్పించింది మా అన్నయ్యే," అంది. ఆగస్టులో వచ్చి ఆవిడ ముందు కూర్చో. నేను మధ్యలో మాట్లాడను.

ఇక కమిటీ పెద్దలకి. అయ్యలారా, అమ్మలారా, మీ డబ్బు మాకు చేదు కాదు. కౌన్సిల్లో విలేఖరి కావాలి, కోర్టులో విలేఖరి కావాలి. కానీ ఏ ఇంటికి టార్టు పట్టుకెళ్ళాలో చెప్పలేని రేడియోకి ప్రజల సొమ్ము ఒక్క యూరో ఇచ్చినా అది దండగే. మేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పెట్టెల డోనల్‌తో సహా ఈ చుట్టుపక్కల ముగ్గురు పెట్టెలవాళ్ళూ డబ్లిన్‌కి కబుర్లు పంపడం మానేశారు. ఇళ్ళవాళ్ళు రేడియో జాబితాకి పేర్లివ్వడం మానేశారు. సంత రోజుల్లో పన్నెండున్నరకి హ్యూడీ తన మైకు నాకిస్తున్నాడు. దూడల బరిలో నిలబడి చదువుతున్నాను, ఇంటిపేరూ, కొలిమీ పడవా లాంటి ఇంటిగుర్తూ అన్నీ కలిపి. మొన్న మూడు వందల మంది టోపీలు తీసి నిలబడ్డారు. పడవ మేనస్ ముందు వరసలో నిలబడి, "ఇవాళ నేను లేనుగా?" అని అరిచాడు. లేవు, కూర్చో అన్నాను.

మీరు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా ఇది ఆగదు.

అట్రాక్టా


డబ్లిన్,
జూన్ 14

అట్రాక్టాకు,

కమిటీ అధ్యక్షురాలు నీ ఏప్రిల్ ఉత్తరం పైకి చదివింది. హన్నా అత్త మాట దగ్గర ఆగి నీళ్ళు తాగింది. తర్వాత మీ కంపెనీ వకీలుని, "చావు కబుర్లు ఎక్కడి నుంచి చదువుతున్నారు?" అని ఒకటే ప్రశ్న అడిగింది. ఆయన కాగితాలు తిరగేశాడు. అబద్ధం చెప్పినందుకు దరఖాస్తు తిప్పికొట్టారు. అక్టోబరులో మళ్ళీ పెట్టుకోవచ్చట, ఆ లోపు కబుర్లు మీ ఊళ్ళోంచే, మీ ఊరి మనిషే చదువుతుంటే. పేర్ల నిబంధన మటుకు అలాగే ఉంది. వచ్చే ఏడాది పరిశీలిస్తామన్నారు. నేను లేచి, అది తప్పు, రాసింది నేను, ఇవాళే కొట్టేయండి అన్నాను. కూర్చోమన్నారు. ఇంకోసారి లేచాను.

నన్ను పాత కాగితాల గదికి మార్చారు. కిటికీ లేదు. ఇంత కుదురుగా నిద్రపట్టి ఎన్నాళ్ళైందో.

ఆగస్టులో వస్తున్నాను. చెవి సిద్ధం.

ఫిడెల్మా


పోర్ట్‌నేవన్,
అక్టోబరు 17

వదినకు,

నువ్వు ఆగస్టులో వెళ్ళాక హన్నా అత్త రోజూ నీ గురించే. "కొలిమి పిల్ల అంట్లు తోమిపెట్టింది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది.

లోర్కన్ తెల్ల బూట్లతో సంతకి వచ్చాడని, పేడలో నిలబడి నన్ను మళ్ళీ రమ్మన్నాడని చెప్పానుగా. వెళ్ళాను. ఆరు వారాలుగా నా మైకు నా దగ్గరే ఉంది. మొదటి రోజే, "పేర్లు మటుకు ఫారంలో ఉన్నట్టే చదవాలండీ, మళ్ళీ దరఖాస్తు పెడుతున్నాం," అన్నాడు. అయినా నేను ఇంటిగుర్తులతోనే చదువుతున్నాను. అతను రోజూ ఓ కాగితం మీద రాసుకుంటున్నాడు.

సోమవారం పడవ మేనస్ పోయాడు, నిద్రలోనే. జూన్‌లోనే తన కబురు తనే రాసి నాకిచ్చి, ఒక్క అక్షరం మార్చినా దయ్యమై వస్తానన్నాడు. మంగళవారం తొమ్మిదీ పదికి అది చదివాను:

"మీన్‌బ్రాక్ రేవులో పడవ మేనస్ పోయాడు. ఈసారి నిజంగానే. ఇల్లు అదే, మీకు దారి తెలుసు. వచ్చేముందు కొండ మీద కొలిమి ఇంటి ముందు ఒక్క క్షణం ఆగి రండి, ఆ ఇంటికి మీరు బాకీ ఉన్నారు."

చదివి తలెత్తాను. అద్దం అవతల లోర్కన్ చేతిలో పెన్ను ఉంది, కాగితం ఖాళీగా ఉంది. "రాసుకో బాబూ, రూలు తప్పాను," అన్నాను. అతను పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "రేవుకి ఏ దారిలో వెళ్ళాలండీ?" అని అడిగాడు.

ఇదీ ఫైల్లో పెట్టు. కాగితాల గదిలో ఉన్నా సరే, వెళ్ళి పెట్టు. వచ్చే ఏడాది పరిశీలించేవాళ్ళు చదువుకుంటారు.

అయిదింటికి కొండ దారిలో కార్లు ఆగడం మొదలైంది. జనం దిగి, కొలిమి మేనస్ చేసిన గేటు మీద చెయ్యి వేసి, మళ్ళీ ఎక్కి రేవుకి పోయారు. నేనూ ఆగాను. తలుపు తట్టాను, హన్నా అత్తని కారులో తీసుకెళదామని. ఇంట్లో లేదు. ఆ వయసులో మూడు మైళ్ళు నడిచి నాలుగింటికే రేవుకి వెళ్ళిపోయిందట, అక్కడ కడచూపుకి తలుపు తీయకముందే.

నేను వెళ్ళేసరికి పడవ మేనస్ పెట్టె పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఆపిల్ టార్టు, ఇంకా వేడిగా ఉంది. "మొదట నేనే వచ్చాను మేనస్, చూశావా?" అంటోంది.

నీ ఆడపడుచు,
అట్రాక్టా